వీధిలోకి వచ్చిన విసుర్రాయి

అనంతయ్య శెట్టి కోడలు బండలోళ్ల గేరిలో, గని పనివాళ్ల వీధిలో, ఉందన్న మాట బేతంచెర్ల బజారంతా పాకింది. ఎవరూ నమ్మలేదు. తర్వాత నమ్మక తప్పలేదు.

నాపబండల వ్యాపారంలో అనంతయ్యది పెద్ద చెయ్యి. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినాక ఆ చెయ్యి ఇంకా పెద్దదైంది. ఆయన కోడలు రాజ్యలక్ష్మమ్మ గుడికి తప్ప గడప దాటి ఎరగదు. అలాంటి మనిషి, వాచిన ఎడమ చేతిని కొంగులో కట్టుకుని, తెల్లవారుతుండగా ఒంటరిగా నడిచి వచ్చి, ఆ గేరి పెద్దావిడ సోమక్క ఇంట్లో విసుర్రాయి పట్టుకుంది. కొట్టింది మొగుడు లక్ష్మీనరసయ్య. అంతవరకు చెప్పింది. ఎందుకు కొట్టాడని అడిగితే తల వంచుకుంది.

బండలోళ్ల గేరిలో అది పాత కట్టుబాటు. దెబ్బలు తిన్న ఆడది వచ్చి ఆ విసుర్రాయి మీద చెయ్యి పెడితే, ఇక ఆమెను ఎవరూ లాక్కుపోకూడదు. మొగుడు రావాలి. తలగుడ్డ తీసి వాకిట్లో నిలబడాలి. గేరి ఆడవాళ్లందరి ముందు, సోమక్క అడిగిన దానికి జవాబు చెప్పాలి. అప్పుడు కూడా పోవడం, పోకపోవడం ఆ ఆడదాని ఇష్టం. పోతానని తనంతట తాను రాతిని వదిలితే ఇక గేరికి పూచీ లేదు. అందాకా ఆమె తిండి గేరిదే. ప్రతి ఇంటి నుంచి పిడికెడు జొన్నలు వస్తాయి. వాటిని ఆ రాతిలోనే విసురుతారు. ఇద్దరు ఆడవాళ్లు వంతులు వేసుకుని వాకిట్లో కూర్చుంటారు.

గేరి బయటి ఆడది ఆ రాయి పట్టడం ఇదే మొదలు. అందులోనూ శెట్ల ఇంటి ఆడది.

మొగుడు వస్తాడని గేరి మూడు రోజులు ఎదురు చూసింది. లక్ష్మీనరసయ్య రాలేదు. నాలుగో రోజు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, మామ వచ్చాడు.

బండి లేదు. వెంట మనిషి లేడు. గొడుగు కూడా లేదు. తెల్లటి పంచె మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుని ఉంది. వాకిట్లో వంతుకు కూర్చున్న సిద్దమ్మ ఆయన్ను చూసి కొంగు సర్దుకుంది గానీ లేవలేదు. గనిలో సుత్తి కొట్టి కొట్టి ఆమె గొంతు కూడా గట్టిపడింది.

“ఏమి సెట్టీ, దావ తప్పి వచ్చినావా? ఇది బండలోళ్ల గేరి.”

“నాకు తెలుసులేమ్మా. సోమక్కను పిలువు.”

“గట్టిగా పిలవల్ల. ఆయమ్మకు సెవులు మందం.”

గని పేలుడులో మొగుడు గాబ్రియేలు పోయిన రోజునే సోమక్క చెవులు కూడా సగం పోయాయి. ఆమె ఇంట్లో నుంచి చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది. వెనకాలే కొడుకు లేవి గడపలోకి వచ్చాడు. లేవి అనంతయ్య గనిలో మేస్త్రీ. శెట్టిని చూడగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. గేరి ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి చుట్టూ చేరారు.

తెరిచిన తలుపులోంచి రాజ్యలక్ష్మమ్మ కనబడుతూనే ఉంది. మామ గొంతు వినగానే ఆమె కుడి చెయ్యి రాతి మీదికి పోయింది.

“సోమక్కా, నా కోడల్ని పంపు,” అన్నాడు అనంతయ్య. “తొందరగా పంపు.”

“నీ కొడుకు యాడ?”

“వాని సంగతి తర్వాత. వానిది తప్పే. నేనే ఒప్పుకుంటాండా. ముందు అమ్మాయిని పంపు.”

“కొట్టిన సెయ్యి నీ కొడుకుది. నువ్వు ఒప్పుకుంటే యెట్లయితాది సెట్టీ? వాణ్ణి రమ్మను. ఈడ నిలబడి సెప్పమను.”

“వాడు రాడు.”

“అయితే ఈయమ్మా రాదు.”

సిద్దమ్మ నవ్వింది. “మా గేరిలో సంగటి రుచి మరిగిందిలే సెట్టీ మీ కోడలు. నిన్న ఇంగో ముద్ద అడిగె.”

ఇంకో రోజైతే ఆ మాటకు అనంతయ్య మండిపడేవాడు. తన ఇంటి పిల్ల ఈ గేరిలో అన్నం తినిందంటే కులంలో తల ఎత్తుకోలేడు. ఆయన ఆ మాటే విననట్టు స్టేషను దారి వైపు చూశాడు. మళ్లీ సోమక్క వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

“నీకు దండం పెడ్తా సోమక్కా. మాటలకు టైము లేదు.”

సోమక్కకు సగమే వినబడింది. వినబడిన సగానికీ తల అడ్డంగా ఊపింది.

లేవికి అది సహించలేదు. శెట్టి అంతటివాడు దండం పెడతానంటుంటే, తల్లి తల ఊపుతోంది. రేపు గనిలో తన పని ఉంటుందా?

“మా, ఇంగ సాలు,” అన్నాడు. “ఆయప్ప పెద్దమనిషి. తప్పని ఒప్పుకున్నాడు. ఇంగేం కావల్ల నీకు? పంపించు.”

“మొగుడు రావల్ల.”

“మన కట్టుబాట్లు వాళ్లకు యాడుంటాయి? మార్తా!” లేవి ఇంట్లోకి కేకేశాడు. “ఆయమ్మ సెయ్యి ఇడిపించి బయటికి తీసకరా.”

మార్తమ్మ లేవి పెళ్లాం. ఆ ఇంటి వెనక పంచలో ఉంటుంది. మాట తక్కువ. ఇన్ని రోజులూ రాజ్యలక్ష్మమ్మకు పసుపు నూరి పట్టు వేసింది, తల దువ్వింది. ఏమీ అడగలేదు. ఆమె వచ్చి రాతి దగ్గర నిలబడింది. మొగుడి ముఖం చూసింది. అత్త ముఖం చూసింది.

“సెప్తాంటే అర్థం కాదా? సెయ్యి తియ్యి!” లేవి అరిచాడు.

మార్తమ్మ కూర్చుంది. చెయ్యి చాపింది. రాజ్యలక్ష్మమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. ఆ వేళ్లను మార్తమ్మ తాకలేదు. వాటి పక్కనే, రాతి మీద, తన చెయ్యి పెట్టింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

“ఏం సేస్తాండావే?” అన్నాడు లేవి.

మార్తమ్మ రెండో చేత్తో రవిక చేతిని భుజం దాకా లాగింది. మోచేతి పైన అంతా మచ్చలు. బీడీ కొస అంత మచ్చలు. కొన్ని మాని నల్లబడ్డాయి. కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి.



సోమక్క చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది. వంగి మళ్లీ చూసింది. కోడలి భుజం పట్టుకుంది. పట్టుకున్న చోట నొప్పి పుట్టి మార్తమ్మ ముడుచుకుంది. సోమక్క నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఎవరే?” అంది. అడిగాక ఆ ప్రశ్న ఎంత పిచ్చిదో ఆమెకే తెలిసింది.

“అరిస్తే ఇనపడ్తాదని నోట్లో గుడ్డ పెడ్తాడు అత్తా,” అంది మార్తమ్మ. “పెట్టకపోయినా నీకు ఇనపడదు. అయినా పెడ్తాడు.”

సోమక్క వెనక్కి తిరిగి గేరి ఆడవాళ్లను చూసింది. ఒక్కరూ ఆమె కళ్లలోకి చూడలేదు. ఇంతసేపూ ఎకసెక్కాలాడిన సిద్దమ్మ నేల చూస్తోంది.

“సిద్దీ. నీకు తెలుసునా?”

సిద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

“నీది పక్కిల్లు. నీకు సెవులుండాయి. తెలుసునా తెలీదా?”

“తెలుసక్కా.”

“సెప్పల్ల గదే!”

“దెబ్బలు తింటే నీ ఇంటికి రావల్ల. నీ ఇంట్లోనే తింటే యాడికి పోవల్ల? నీ రాతి కాడికి వచ్చి, నీ కొడుకు మీద, నీకే యెట్ల సెప్పేదక్కా?” సిద్దమ్మ తలెత్తింది. “నువ్వు వాని పక్క పలికితే ఇంగ మాకు ఈ రాయి కూడా ఉండదని గమ్మునుంటిమి.”

ఇన్నేళ్లుగా ఎందరో ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చి ఆ రాయి పట్టుకున్నారు. రాయి ఉన్న ఇంట్లోనే పడుకుని, లేచి, దాంట్లోనే విసిరి, ఆ పిండితోనే వాళ్లకు ముద్ద చేసిపెట్టిన మనిషికి మాత్రం రాయి అందలేదు.   గేరి మొత్తాన్ని నిలదీసే సోమక్క, తన వాకిట్లో తానే నిలబడలేక తలుపు దారబందం పట్టుకుంది.

అనంతయ్య కూడా కొయ్యబారిపోయాడు. ఇది ఆయనకు అనువైన సమయమే. నీ ఇంట్లోనే ఇట్లుంటే నా ఇంటికి తీర్పు చెప్తావా అనొచ్చు. ఎవరూ జవాబు చెప్పలేరు. ఆయన అనలేదు. మార్తమ్మ చేతి మీది మచ్చల్నే చూస్తూ ఉండిపోయాడు. 

సోమక్క దారబందం వదిలింది.

“లేవీ. బయటికి రా. వాకిట్లో నిలబడు.”

“ఏందిమా, నువ్వు కూడా...”

“నిలబడు. ఎందుకు కాల్సినావో సెప్పు.”

“నా పెండ్లాం. నా ఇల్లు. ఎవరికి సెప్పేది నేను?”

“రాయి పట్టింది. సెప్పల్ల.”

లేవి చంకలోని తలగుడ్డ తీసి నెత్తికి చుట్టుకున్నాడు.  ఆ వాకిట్లో ఏ మగవాడూ, ఎంత తాగుబోతు కూడా, ఆ పని చేసి ఎరగడు.

“ఈ గోడలు నేను పెట్టినా. ఈ కప్పు నేను ఎత్తినా. నా ఇంట్లో నామీదే పంచాయితీ పెడ్తారా? ఇంగ ఈడ రాయీ లేదు, రప్పా లేదు. నడ్వండి అందరూ. నువ్వు కూడా మా. నడువ్.”

సోమక్క కొడుకును చూసింది. తర్వాత ఇంట్లోకి పోయింది. లొంగిపోయిందనుకున్నాడు లేవి. సిద్దమ్మ కూడా అట్లే అనుకుంది.

సోమక్క రాతి ముందు గొంతుక్కూర్చుంది. పైరాతి పిడిని రెండు చేతులా పట్టింది. కట్టె మేకు మీద నుంచి పైరాయిని పెకలించి, రొమ్ముకు ఆనించుకుని లేచింది. ఆ వయసులో లేవగూడనంత బరువు. కాళ్లు తడబడ్డాయి. రాజ్యలక్ష్మమ్మ తన బాగున్న చెయ్యి ఒకటి కింద పెట్టింది. మార్తమ్మ రెండు చేతులూ పెట్టింది. రాతిని వదలకుండానే ముగ్గురూ గడప దాటారు.

“ఇల్లు నీదే నాయనా,” అంది సోమక్క కొడుకు పక్క నుంచి పోతూ. “రాయి మా అవ్వది.”

సిద్దమ్మ పరుగున లోపలికి పోయి కిందిరాయిని ఎత్తింది. ఇంకొకామె సాయం పట్టింది. నడివీధిలో, మండుటెండలో, కిందిరాయి పెట్టారు. దాని మీద పైరాయి పెట్టారు. గేరిలో పుట్టిన ముసలివాళ్లు కూడా ఆ రాయికి ఎండ తగలడం చూడలేదు. లేవి తన గడపలో ఒక్కడే మిగిలాడు. అతడి ముఖం చూడటానికి కూడా ఎవరూ తిరగలేదు.

సోమక్క ఆయాసపడుతూ అనంతయ్య ముందుకు వచ్చింది.

“నా ఇల్లు సూసినావు గదా సెట్టీ. దాసిపెట్టేదానికి నాకేం మిగల్లేదు. నా కొడుకును అడిగిందే నీ కొడుకునూ అడుగుతా. ఇప్పుడు సెప్పు. ఈ పిల్లను ఇంటికి తీసకపోయి ఏం సేస్తావు?”

“మా ఇంటికి కాదు,” అన్నాడు అనంతయ్య.  “స్టేషను దగ్గర ఇల్లుండాది. ఆడికి.”

రాజ్యలక్ష్మమ్మ చటుక్కున తలెత్తింది.

స్టేషను దగ్గర ఇల్లు ఆమెదే. పెండ్లిలో పసుపు కుంకుమ కింద తండ్రి ఇచ్చింది. ఉగాది నుంచి తాళం వేసి ఉంది.

“ఆ ఇంటికా మామా?” అంది. ఆ గేరిలో ఆమె గొంతు ఇంత గట్టిగా వినబడటం అదే మొదలు. “ఆ ఇంటి తాళంచెవి అడిగినందుకే గదా మీ కొడుకు నా చెయ్యి విరగ్గొట్టింది!”

“తెలుసమ్మా.”

“ఎందుకు ఇయ్యరో కూడా నాకు తెలుసు. దినామూ ఆ ఇంటికి క్యారియర్లో అన్నం పోతాంది. నా చేత్తో వండిన అన్నమే. ఎవతెనో పెట్టుకున్నాడు ఆయన, నా ఇంట్లో. ఇంటి మాట వీధిలో పడకూడదని నేను నోరు మూసుకుంటి. మీకూ తెలుసా? తెలిసే మీరూ...”

“పెట్టుకోలేదమ్మా.” అనంతయ్య రెండు చేతులూ ఎత్తి ఆమెను ఆపాడు. “ఆడ ఉండేది మన వెంకటలక్ష్మి.”

 వెంకటలక్ష్మి రాజ్యలక్ష్మమ్మకు ఆడబిడ్డ. అనంతయ్య కూతురు. కమలాపురంలో గొప్ప శెట్ల ఇంట్లో కాపురం చేస్తోంది. గుళ్లో ఎవరడిగినా సుఖంగా ఉందనే రాజ్యలక్ష్మమ్మ చెబుతూ వచ్చింది. మామ తనకు అట్లాగే చెప్పాడు మరి.

“వెంకటలక్ష్మా? యాడ? ఈ ఊళ్లోనా?”

“ఉగాది ముందర వచ్చిందమ్మా. ఒంటి మీద చెయ్యి పెట్టే చోటు లేదు. వీపంతా వాతలు. మొగుడు, అత్త కలిసి...” ఆయన మార్తమ్మ వైపు చూశాడు. చూడలేక తల తిప్పుకున్నాడు. “నలుగురికీ తెలిస్తే మన ఇంటి మర్యాద ఏం గావాలని నేనే ఆ ఇంట్లో పెట్టి బయట తాళం వేసినా. నీకు తెలిస్తే మీ పుట్టింటికి తెలుస్తాదని నీక్కూడా చెప్పలేదు. కిటికీలు తెరవొద్దన్నా. గట్టిగా ఏడవొద్దన్నా. దినామూ క్యారియరు తీసుకపోయి నడవలో పెట్టి వస్తాండా.”

సిద్దమ్మ చేత్తో నోరు కప్పుకుంది. మూడు నాలుగు వీధుల అవతల ఒక ఆడది ఉగాది నుంచి చీకట్లో ఉంటే, ఏ రాయీ ఆమె దాకా పోలేదు.

“అయితే ఇప్పుడు నన్నెందుకు రమ్మంటారు?” అంది రాజ్యలక్ష్మమ్మ.

అనంతయ్య వీధిలో, ఆ దుమ్ములో, కూర్చున్నాడు. బండలోళ్ల కాళ్ల ముందు కూర్చున్నాననే ధ్యాస కూడా ఆయనకు లేదు.

“మొన్న పెట్టింది అట్లే ఉండాది. నిన్న పెట్టింది అట్లే ఉండాది. లోపలి గది గడియ వేసుకుంది. పిలిస్తే పలకడం లేదు. నాయనా అని కూడా అనడం లేదు. మీ అత్త ఉంటే పంపిద్దును. తలుపు పగలగొట్టాలంటే మగోళ్లను పిలవాల. పిలిస్తే ఊరంతా తెలుస్తాది. ఆడమనిషి పిలిస్తే పలుకుతాదేమోనని... నువ్వంటే దానికి ఇష్టం గదమ్మా...”

“నిన్నటి నుంచి!” సోమక్క అరిచింది. ఈ మాటలన్నీ ఆమెకు పూర్తిగా వినబడ్డాయి. “నిన్నటి నుంచి మర్యాద సూసుకుంటా నిలబడినావా సెట్టీ!”

రాజ్యలక్ష్మమ్మ రాతి మీది నుంచి చెయ్యి తీసింది.

“తల్లీ,” అని సిద్దమ్మ ఆపింది. “సెయ్యి తీసినావు. ఆడ నీ మొగుడుంటే మేం అడిగేదానికి ఉండదు.”

“ఉంటే ఉండనీ,” అంది రాజ్యలక్ష్మమ్మ. అప్పటికే ఆమె నడుస్తోంది.

“నడువు, నడువు,” అంది సోమక్క. “ఆ పిల్ల రాలేదు కాబట్టి రాయే పోవల్ల. పట్టండే!”

మార్తమ్మ ఇంటి గోడకు ఆనించిన గడ్డపార తీసుకుంది. లేవి అడ్డం రాబోయాడు. ఆమె గడ్డపార భుజానికెత్తుకున్న తీరు చూసి ఆగిపోయాడు. సిద్దమ్మ పైరాయిని నెత్తికెత్తుకుంది. గేరి గేరంతా స్టేషను దారి పట్టింది. బజారులో అంగళ్లవాళ్లు తూకాలు ఆపి చూశారు. చెప్పులు లేని శెట్టి కోడలు, ఆమె వెనక గడ్డపార, నెత్తి మీద రాయి, అందరి వెనక పంచె ఎగగట్టి పరుగెత్తలేక పరుగెత్తే అనంతయ్య.

స్టేషను సందు తిరిగారు. రాజ్యలక్ష్మమ్మ ఉన్నపళంగా ఆగింది.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

అనంతయ్య మొలలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు. తాళంచెవి అక్కడే ఉంది.

“ఇంకో తాళంచెవి యాడుంది మామా?”

“నీ మొగుని దగ్గర.”

గడప ముందు రెండు జతల చెప్పులు విడిచి ఉన్నాయి. ఒక జత లక్ష్మీనరసయ్యది. రాజ్యలక్ష్మమ్మ గుర్తుపట్టింది. రెండోది కొత్త కిర్రు చెప్పుల జత. ఈ ఊళ్లో కుట్టినవి కావు. వాటి మీద రైలు ప్రయాణపు మసి ఇంకా ఉంది.

“ఇవి ఎవరివి?”

అనంతయ్య వాటిని చూశాడు. 

“నేను పంపలేదమ్మా కబురు,” అన్నాడు. “నేను పంపలేదు. నా కొడుకే... దాన్ని తీసుకపొమ్మని పిలిపించినాడు. అవి కమలాపురం అల్లునివి.”

లోపల ఎక్కడో, గడియ పెట్టిన తలుపు మీద, మగవాడి భుజం బలంగా తగిలిన చప్పుడైంది.